విశాఖలో స్పెషల్ పిల్లల అమ్మానాన్నలకు ఒక ఆన్‌లైన్ గ్రూప్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

"మీ బాబుకి ఆటిజం ఉంది" అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఇంట్లో రెండు రకాల ప్రశ్నలు మొదలవుతాయి. మొదటి రకం డాక్టర్‌ని అడగొచ్చు: మాటలు ఎప్పటికి వస్తాయి, థెరపీ ఎన్నాళ్లు, మందులు కావాలా. రెండో రకం డాక్టర్‌ని అడగలేం. రాత్రి రెండింటికి లేచి గెంతుతుంటే కింది వాటా వాళ్లకి ఏం చెప్పాలి? "ఇది మీ వైపు నుంచే వచ్చింది" అని అత్తగారు అంటే ఏం చెయ్యాలి? ఏ సెలూన్‌కి తీసుకెళ్తే విసుక్కోకుండా జుట్టు కత్తిరిస్తారు? ఇవి అదే దారిలో రెండేళ్లు ముందు నడిచిన ఇంకో తల్లికో, తండ్రికో తెలుస్తాయి.

ఆ తల్లి మన ఊళ్లోనే ఉంటుంది. థెరపీ సెంటర్ బయట కుర్చీల్లో ముప్పావు గంట మన పక్కనే కూర్చుని కూడా ఉంటుంది. ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటాం, పిల్లాడు బయటికి రాగానే వెళ్లిపోతాం. ఆ ఫోన్‌తోనే ఒకరినొకరు ఎలా చేరుకోవచ్చో, చేరాక ఆ గ్రూప్ పాడైపోకుండా ఎలా చూసుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం, మాటలు ఆలస్యం కావడం, వీటిలో ఏదైనా పద్ధతి ఒకటే.

గ్రూప్ ఎవరికోసమో రెండు వాక్యాల్లో రాయండి

యాప్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకోండి. ఈ గ్రూప్ ఎవరికి, ఏ ప్రాంతానికి, ఎందుకు అన్నది రెండు వాక్యాల్లో రాయండి. "మధురవాడ, ఎండాడ, ఎంవీపీ వైపు ఉండే, పదేళ్ల లోపు ఆటిజం పిల్లల అమ్మానాన్నలకి. రోజువారీ ఇబ్బందులు మాట్లాడుకోవడానికి, సమాచారం పంచుకోవడానికి." ఇంత చాలు.

అందరినీ కలుపుకుందాం అనిపించడం సహజం. కానీ మూడేళ్ల పిల్లాడి తల్లికి ఇప్పుడు కావాల్సింది టాయిలెట్ ట్రైనింగ్ గురించి. పద్దెనిమిదేళ్ల అబ్బాయి తండ్రికి కావాల్సింది గార్డియన్‌షిప్ (పిల్లాడి తరఫున చట్టప్రకారం నిర్ణయాలు తీసుకునే హక్కు) గురించి, తన తర్వాత ఎవరు చూస్తారన్న దాని గురించి. ఆ రెండో మాట చదివితే చిన్నపిల్లాడి తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఊరు దూరాలు కూడా చూసుకోవాలి. భీమిలి నుంచి కూర్మన్నపాలెం దాకా విస్తరించిన నగరం ఇది. ఎప్పుడైనా పార్కులో కలుద్దాం అనుకుంటే గాజువాక వాళ్లకి మధురవాడ రావడం, అందులోనూ బస్సులో శబ్దం భరించలేని పిల్లాడితో రావడం ఒక రోజు పని. చిన్నగా మొదలుపెట్టి, అవసరమైతే తర్వాత పెంచండి.

మొదటి నలుగురిని వెతకడం

ఇది ఆన్‌లైన్‌లో మొదలుపెట్టకండి. ముక్కూ మొహం తెలియని వాళ్లు లింక్ పంపితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. మీకు ఇప్పటికే మొహం తెలిసిన వాళ్లతో మొదలుపెట్టండి. థెరపీ సెంటర్‌లో అదే టైమ్‌కి వచ్చే అమ్మ, స్కూల్ గేటు దగ్గర కనిపించే నాన్న, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీలో పక్కన కూర్చున్న వాళ్లు, మండలంలోని భవిత కేంద్రానికి పిల్లల్ని తెచ్చేవాళ్లు. భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష కింద నడుస్తాయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం అక్కడ రిసోర్స్ టీచర్లు ఉంటారు. చాలా కుటుంబాలు వాళ్లకి తెలుసు. పెదవాల్తేరు వైపు లెబెన్‌షిల్ఫ్ లాంటి స్పెషల్ స్కూళ్ల టీచర్లని కూడా అడగొచ్చు.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. థెరపిస్టుని గానీ టీచర్ని గానీ మిగతా తల్లిదండ్రుల నంబర్లు ఇమ్మని అడగకండి. వాళ్లు ఇవ్వకూడదు. దానికి బదులు మీ నంబరే ఒక చీటీ మీద రాసి, "ఎవరికైనా మాట్లాడాలని ఉంటే ఇవ్వండి మేడమ్" అని ఇచ్చి రండి. ఫోన్ చెయ్యాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం. పిల్లాడి సంగతి ఇంకా సొంత అన్నదమ్ములకి కూడా చెప్పుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల నంబర్ మన దగ్గరికి వాళ్లకు తెలియకుండా వస్తే మొదటి రోజే నమ్మకం పోతుంది.

మీ సొంత నంబర్ ఇవ్వడం ఇష్టం లేకపోతే రెండో సిమ్ మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఒకే ఫోన్‌లో రెండూ నడుస్తాయి. రాత్రిపూట దాని నోటిఫికేషన్లు ఆపుకోవడం కూడా తేలిక.

పరిచయానికి ఇలాంటి మెసేజ్ సరిపోతుంది, మీ మాటల్లోకి మార్చుకోండి:

"నమస్కారం అండి. మా పాపకి ఆరేళ్లు, స్పీచ్ థెరపీ నడుస్తోంది. మనలాంటి అమ్మానాన్నలం నలుగురైదుగురం వాట్సాప్‌లో మాట్లాడుకుంటే బాగుంటుందనిపించింది. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం, ఏదీ అమ్మం. ఇష్టమైతే మీ పేరు, మీ ఏరియా పెట్టండి, నేనే ఫోన్ చేస్తాను. ఇప్పుడు కాదు అనుకున్నా ఫర్వాలేదండి."

ఫోన్ చేస్తానన్న మాట ముఖ్యం. కొత్తగా చేరే ప్రతి ఒక్కరితో, గ్రూప్‌లోకి తీసుకునే ముందు, పది నిమిషాలు నోటితో మాట్లాడండి. నిజంగా తల్లో తండ్రో అని అప్పుడే తెలుస్తుంది. మందులు అమ్ముకునేవాళ్లు, కోర్సులు అమ్ముకునేవాళ్లు ఇలాంటి గ్రూపుల్లోకి తల్లిదండ్రులమని చెప్పుకుని వస్తుంటారు. అంతకన్నా ముఖ్యంగా, ఫోన్‌లో ఒకసారి గొంతు విన్న మనిషి గ్రూప్‌లో త్వరగా మాట కలుపుతారు.

ఏ యాప్?

వాట్సాప్. ఎక్కువ ఆలోచించక్కర్లేదు. అమ్మమ్మకీ వచ్చు, ఆటో నడిపే నాన్నకీ వచ్చు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'మన మిత్ర' సేవలు కూడా వాట్సాప్‌లోనే ఉన్నాయి కాబట్టి సర్టిఫికెట్ పనులకి కూడా దీన్నే వాడటం జనానికి అలవాటవుతోంది. ఫేస్‌బుక్ గ్రూప్‌లో మన అసలు పేరు, బంధువులు, ఫొటోలు అన్నీ ఒకచోటే ఉంటాయి. పిల్లాడి విషయం గోప్యంగా ఉంచాలనుకునే వాళ్లు అక్కడ నోరు విప్పరు.

వాట్సాప్‌లో ఒక లోపం మాత్రం ముందే చెప్పాలి. గ్రూప్‌లో చేరగానే మన నంబర్ అందరికీ కనిపిస్తుంది. అది ఇష్టం లేని వాళ్లకి టెలిగ్రామ్ బాగుంటుంది, అందులో నంబర్ దాచుకుని యూజర్‌నేమ్‌తో ఉండొచ్చు. అయితే ఒకరిద్దరి కోసం గ్రూప్ మొత్తాన్ని టెలిగ్రామ్‌కి తరలిస్తే సగం మంది రారు. అలాంటి వాళ్లతో మీరు విడిగా ఫోన్‌లో టచ్‌లో ఉండండి, ఆన్‌లైన్ మీటింగ్‌లకి పిలవండి.

గ్రూప్ తెరిచిన రోజే పెట్టాల్సిన సెట్టింగులు

గ్రూప్ పేరులో ఆటిజం, డిజేబిలిటీ లాంటి మాటలు పెట్టకండి. ఫోన్ టేబుల్ మీద ఉన్నప్పుడు నోటిఫికేషన్‌లో పక్కవాళ్లకి కనిపించేది ఆ పేరే. 'ఆదివారం అమ్మానాన్నలు', 'సాగర తీరం' లాంటి మామూలు పేరు పెట్టండి. గ్రూప్ బొమ్మగా పిల్లల ఫొటో వద్దు.

తర్వాత గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లండి. కొత్తవాళ్లని అడ్మిన్ ఒప్పుకున్నాకే చేర్చుకునేలా పెట్టండి. సభ్యులు తమంతట తాము ఇంకొకరిని కలిపే వీలు తీసేయండి. గ్రూప్ పేరు, వివరణ మార్చే హక్కు అడ్మిన్లకే ఉంచండి. ఇన్వైట్ లింక్‌ని బయట ఎక్కడా పెట్టకండి, ఎప్పుడైనా బయటికి పోయిందనిపిస్తే దాన్ని రీసెట్ చేస్తే పాత లింక్ పనిచేయదు.

'అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ' అని ఒక సెట్టింగ్ ఉంది, ఆన్ చేయండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి బయటికి పంపకుండా, ఫొటోలు వాటంతట అవే ఫోన్ గ్యాలరీలోకి చేరకుండా అది ఆపుతుంది. స్క్రీన్‌షాట్‌ని మాత్రం ఆపలేదు, ఆ సంగతి సభ్యులకి చెప్పండి. మెసేజ్‌లు 24 గంటలకి, 7 రోజులకి లేదా 90 రోజులకి వాటంతట అవే పోయేలా కూడా పెట్టుకోవచ్చు. నా సలహా 90 రోజులు. మరీ త్వరగా పోతే వారం పాటు ఫోన్ ముట్టుకోలేని తల్లికి ఏమీ మిగలదు. ఎప్పటికీ ఉంచితే, ఏదో కష్టంలో రాసుకున్న మాట ఏళ్ల తర్వాత ఎవరి కంటైనా పడుతుంది.

అడ్మిన్లు మొదటి నుంచీ ముగ్గురు ఉండాలి. ఒక్కరే అయితే వాళ్ల పిల్లాడికి జ్వరం వచ్చిన వారం గ్రూప్ గాలికి పోతుంది. ముగ్గురిలో కనీసం ఒకరు నాన్న అయితే మంచిది. నాన్నలు మొదట్లో ఏమీ రాయరు, ఇంకో నాన్న రాస్తే రాస్తారు.

నియమాలు: ఇక్కడే గ్రూప్ నిలుస్తుంది లేదా పోతుంది

పదిమంది చేరక ముందే నియమాలు రాసి పెట్టేయండి. గొడవ జరిగాక పెట్టిన నియమం ఎవరో ఒకరి మీద పెట్టినట్టు ఉంటుంది. నేనైతే ఇవి రాస్తాను:

"మన పిల్లల ఫొటోలు, వీడియోలు, పూర్తి పేర్లు, రిపోర్టులు, ఆధార్ కార్డులు గ్రూప్‌లో పెట్టొద్దు. ఇక్కడ చదివింది ఇక్కడే ఉండాలి, మొగుడికి గానీ పెళ్లానికి గానీ చెప్పాలన్నా పేర్లు లేకుండా చెప్పండి. ఏ మందు, ఎంత డోసు అన్న మాట వద్దు, అది డాక్టర్ దగ్గరే. ఏదీ అమ్మొద్దు, చందాలు అడగొద్దు. గుడ్ మార్నింగ్‌లు, రాజకీయాలు, ఫార్వర్డ్‌లు వద్దు. ఇంకొకరి పిల్లాడితో పోల్చొద్దు. అడగని సలహా ఇవ్వొద్దు."

ఫొటోల నియమం మీద అభ్యంతరం వస్తుంది. పిల్లాడు మొదటిసారి సైకిల్ తొక్కితే ఆ వీడియో పదిమందికి చూపించాలని ఏ తల్లికి ఉండదు? అయినా కఠినంగా ఉండండి. ఆ వీడియో మీది కాదు, పిల్లాడిది. ఇరవయ్యేళ్లు వచ్చాక తన వైకల్యం గురించి ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు తనకి ఉండాలి. డిజిటల్ డేటా రక్షణకి 2023లో వచ్చిన చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకి ప్రత్యేక రక్షణ పెట్టింది. సంతోషాన్ని వాయిస్ మెసేజ్‌లో చెప్పమనండి. "ఈరోజు మావాడు సైకిల్ తొక్కాడండీ" అని ఆ తల్లి గొంతులో వింటే ఇంకా బాగుంటుంది.

ఈ నియమానికి ఒకే మినహాయింపు: పిల్లాడు తప్పిపోతే. అప్పుడు ముందు 112కి ఫోన్ చేసి, ఆ తర్వాత ఫొటో, వేసుకున్న బట్టలు, చివరగా కనిపించిన చోటు గ్రూప్‌లో పెట్టాలి. దొరకగానే అడ్మిన్ ఆ ఫొటోని గ్రూప్‌లో అందరికీ పోయేలా డిలీట్ చేయాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ కూడా పిన్ చేసి ఉంచండి.

ఇక మందులు, 'నయం చేస్తాం' అనే ప్రచారాలు. ఇది మెతకగా ఉండాల్సిన విషయం కాదు. కొత్తగా తెలిసిన బాధలో ఉన్న తల్లిదండ్రులు ఏ మాటైనా నమ్ముతారు, నగలు తాకట్టు పెట్టి లక్షలు కడతారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫార్సు చేయదగ్గది కాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ఫార్వర్డ్ ఏడాదికి నాలుగుసార్లు తిరుగుతుంది. ఆ మాట పుట్టిన 1998 నాటి పరిశోధన పేపర్‌ని, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఈ రెండు జవాబుల్ని రాసి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా అలాంటిది పెడితే వాదన వద్దు. మెసేజ్ డిలీట్ చేసి, జవాబు పెట్టి, పెట్టినవారికి విడిగా ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆశతో పెట్టారు.

అడగని సలహా గురించి కూడా ఒక మాట. "ఈరోజు చాలా కష్టంగా ఉంది" అని ఒకమ్మ రాస్తే వెంటనే పన్నెండు మంది "గ్లూటెన్ ఆపండి", "టీవీ ఆపండి", "ఫలానా సెంటర్‌కి మార్చండి" అని రాస్తారు. ఆమె సలహా అడగలేదు. కాబట్టి గ్రూప్‌లో ఒక అలవాటు పెట్టండి: రాసేవాళ్లు మెసేజ్ మొదట్లో 'సలహా కావాలి' అనో 'వింటే చాలు' అనో రాయాలి. రెండు మాటలే కానీ గ్రూప్ తీరు మారిపోతుంది.

మొదటి ఆన్‌లైన్ మీటింగ్

గ్రూప్ పెట్టిన రెండు మూడు వారాల్లో ఒకసారి అందరూ మాట్లాడుకోవాలి. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు దొరుకుతుంది, జూమ్‌లో 40 నిమిషాలు. పన్నెండు మంది లోపు అయితే వాట్సాప్ గ్రూప్ కాల్ కూడా సరిపోతుంది, దానిలో 32 మంది దాకా చేరొచ్చు. పెద్దవాళ్లకి లింక్ నొక్కడం ఇబ్బంది అయితే వాట్సాప్ కాలే మేలు.

టైమ్ మీరు తేల్చేయకండి, పోల్ పెట్టండి. విశాఖలో ఇది చిన్న విషయం కాదు. స్టీల్ ప్లాంట్‌లో ఏ, బీ, సీ షిఫ్టులు, పోర్టులో, రిఫైనరీలో షిఫ్టులు, నేవీలో నెలల తరబడి సముద్రం మీద ఉండే నాన్నలు. ఎప్పుడూ ఒకే టైమ్ పెడితే ఎప్పుడూ ఒకే నలుగురు వస్తారు. ఒక నెల ఆదివారం ఉదయం పదకొండుకి, ఇంకో నెల రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టి చూడండి. పిల్లలు పడుకున్నాక అమ్మలు ఎక్కువ రాగలుగుతారు. నేవీ క్వార్టర్స్‌లో ఉండే వాళ్లలో చాలామందికి తెలుగు రాదు. హిందీలో మాట్లాడినా ఫర్వాలేదని, ఎవరో ఒకరు తెలుగులో చెప్తారని ముందే రాయండి.

గంటని ఇలా పంచుకోవచ్చు. మొదటి పది నిమిషాలు పేరు, ఏరియా, పిల్లాడి వయసు, ఈ వారం జరిగిన ఒక విషయం. పిల్లాడి సమస్యతో పరిచయం మొదలుపెట్టనివ్వకండి. తనకి ఏం ఇష్టమో, ఏది చేస్తే నవ్వుతాడో కూడా చెప్పమనండి. తర్వాత ముప్పావు వంతు టైమ్ ఒకే అంశానికి ఇవ్వండి: నిద్ర, తిండి, స్కూల్ అడ్మిషన్, పెళ్లిళ్లకి తీసుకెళ్లడం. పోల్‌లో ముందే ఎంచుకున్నది. చివరి ఐదు నిమిషాలు వచ్చే నెల ఎప్పుడో, ఎవరు నడుపుతారో.

కెమెరా ఆన్ చెయ్యమని అడగొద్దు. ఇల్లు చిందరవందరగా ఉందనో, వెనక పిల్లాడు అరుస్తున్నాడనో సిగ్గుపడి రాని వాళ్లు ఉంటారు. రికార్డింగ్ అసలు వద్దు. మధ్యలో ఎవరైనా పిల్లాడి కోసం లేచి వెళ్లిపోతే క్షమాపణ చెప్పక్కర్లేదని మొదట్లోనే చెప్పేయండి. ఎవరైనా ఏడిస్తే మౌనంగా ఉండండి, వెంటనే ధైర్యం చెప్పేయాలని కంగారు పడొద్దు. వాళ్లే మళ్లీ మాట్లాడతారు. ఒక్కరే ఇరవై నిమిషాలు మాట్లాడేస్తుంటే మాత్రం, "అన్నా, మీది చాలా ఉంది, రేపు నేను ఫోన్ చేస్తాను, ఇప్పుడు మిగతావాళ్లని విందాం" అని ఆపడం నడిపేవాళ్ల బాధ్యత.

ప్రాణం మీదికి వచ్చే మాట వినిపిస్తే

రాత్రి పన్నెండుకి "నాకు బతకాలని లేదు" అని ఒక మెసేజ్ రావచ్చు. ఇలాంటి గ్రూపుల్లో ఇది వస్తుంది, ముందే సిద్ధంగా ఉండాలి. గ్రూప్‌లో జవాబులు రాస్తూ కూర్చోవద్దు. ముగ్గురు అడ్మిన్లలో ఒకరు వెంటనే ఫోన్ చేసి లైన్‌లోనే ఉండాలి, ఇంకొకరు వాళ్లింట్లో ఎవరికైనా, లేదా పక్కింటి వాళ్లకి ఫోన్ చేయాలి. అందుకే చేరేటప్పుడే అత్యవసరానికి ఇంకొకరి నంబర్ తీసుకోవాలి. ఏదైనా చేసుకునేలా ఉన్నారనిపిస్తే 112. మాట్లాడటానికి టెలీ మానస్, 14416. ఇది 2022 అక్టోబర్ నుంచి కేంద్రం నడుపుతున్న ఉచిత సేవ, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మర్నాడు తోడుగా వెళ్లండి. మనం కౌన్సెలర్లం కాదు. తోడుండటం, సరైన చోటికి చేర్చడం, ఈ రెండే మన పని.

సమాచారాన్ని ఒకచోట పెట్టడం

వాట్సాప్‌లో సమాచారం నిలవదు. "సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌కి స్లాట్ ఎలా బుక్ చెయ్యాలి?" అని ప్రతి నెలా ఎవరో అడుగుతారు, ప్రతిసారీ ఎవరో మళ్లీ టైప్ చేస్తారు. ఒక గూగుల్ డాక్ తెరిచి, చూసే హక్కు సభ్యులకి, మార్చే హక్కు ఇద్దరికే ఇవ్వండి. లింక్‌ని గ్రూప్‌లో పిన్ చేయండి. టైపింగ్ బద్ధకం అయితే గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని మాట్లాడుతూ రాయొచ్చు. ప్రతి పేజీ పైన 'ఫలానా తేదీన సరిచూశాం' అని రాయడం మాత్రం మర్చిపోవద్దు. పథకాలు మారుతుంటాయి, పాత సమాచారం నమ్మి ఎవరైనా పిల్లాడిని ఎత్తుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆ గ్రూప్ మీద కోపం వస్తుంది.

మొదట ఉండాల్సినవి ఇవి:

సదరం సర్టిఫికెట్. వార్డు లేదా గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి క్యాంపుకి వెళ్లాలి. మిగతా చాలావాటికి ఇదే తాళంచెవి. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి, పాడేరు వైపు వాళ్లవి వేరే జిల్లాలు అయ్యాయి కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్లాలో వాళ్లకి విడిగా రాయండి.

యూడీఐడీ కార్డు. దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు.

పెన్షన్. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకి 15,000.

నిరామయ ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే థెరపీలకి కూడా కొంత వస్తుంది. ఇది చాలా ఇళ్లలో తెలియదు, ముందు దీని గురించే ఒక మీటింగ్ పెట్టమంటాను.

చదువు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి స్కూల్లో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచిత విద్య హక్కు. స్కూల్ వాళ్లు "మా దగ్గర కుదరదు" అన్నప్పుడు చూపించడానికి ఆ సెక్షన్ 31 కాగితం ప్రింట్ తీసి పెట్టుకోవచ్చు.

పెద్ద పిల్లల కుటుంబాలకి గార్డియన్‌షిప్. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం గార్డియన్ కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి.

థెరపిస్టులు, డాక్టర్లు, డెంటిస్టులు, సెలూన్లు, ఓపిగ్గా ఉండే ఫొటో స్టూడియోలు, ఇవి కూడా ఒక పేజీలో రాయండి. మంచి అనుభవాలే రాయండి. చెడ్డ అనుభవం ఉంటే ఫోన్‌లో చెప్పుకోండి. రాతలో పేరు పెట్టి నిందిస్తే అది పోలీస్ స్టేషన్ దాకా వెళ్లొచ్చు.

సభ్యుల వివరాలకి గూగుల్ ఫామ్ వాడండి, కానీ అయిదు ప్రశ్నలకి మించొద్దు: మీ పేరు, ఏరియా, పిల్లాడి వయసు, దేని గురించి సాయం కావాలి, అత్యవసరానికి ఇంకో నంబర్. పిల్లాడి పేరు, ఆధార్, రిపోర్ట్ అడగొద్దు. మన దగ్గర లేని వివరం మన దగ్గర్నుంచి బయటికి పోదు.

తెర మీంచి పార్కుకి

మూడు నాలుగు మీటింగులు అయ్యాక మనుషులుగా కలవండి. అందరికీ మొదట తట్టేది ఆర్కే బీచ్. వద్దంటాను. చెప్పాపెట్టకుండా పరిగెత్తే పిల్లలు మనవాళ్లలో చాలామంది. ఒక వైపు బీచ్ రోడ్డు, ఇంకో వైపు లోపలికి లాగేసే సముద్రం. తల్లిదండ్రులు ఒక్క నిమిషం కూడా స్థిమితంగా మాట్లాడుకోలేరు. చుట్టూ ప్రహరీ, గేటు ఉన్న చోటు చూడండి. శివాజీ పార్క్ లాంటిది, లేదా ఎవరి అపార్ట్‌మెంట్‌లోనైనా కమ్యూనిటీ హాలు. ఉదయం తొమ్మిది లోపు అయితే జనం, ఎండ, చప్పుడు అన్నీ తక్కువ. ఇద్దరు పెద్దవాళ్లు గేటు దగ్గర వంతులవారీగా కూర్చోవాలి, ఇది ముందే పంచుకోండి. అన్నయ్యలు, చెల్లెళ్లని కూడా తీసుకురమ్మనండి. తమ ఇల్లు ఒక్కటే ఇలా లేదని చూడటం వాళ్లకీ అవసరం.

పాడేరు, అరకు వైపు నుంచి కేజీహెచ్‌కి వచ్చే కుటుంబాలు మీ గ్రూప్‌లో ఉంటే వాళ్లకి వీడియో మీటింగులు పనికిరావు, అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు. మీటింగ్ అయ్యాక మూడు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో సారాంశం చెప్పండి, సిగ్నల్ దొరికినప్పుడు వింటారు. వాళ్లు ఆసుపత్రికి వచ్చే తేదీ ముందే తెలిస్తే నగరంలో ఉన్నవాళ్లు ఒకరు వెళ్లి కలవొచ్చు.

పెరిగినప్పుడు

వాట్సాప్ గ్రూప్‌లో 1,024 మంది దాకా పడతారు. నలభై దాటనివ్వకండి. నలభై దాటాక మొహమాటస్తులు రాయడం మానేస్తారు. అప్పుడు వాట్సాప్ 'కమ్యూనిటీ'గా (కొన్ని గ్రూపుల్ని ఒకే గొడుగు కింద ఉంచే ఏర్పాటు) మార్చి, గాజువాక, పెందుర్తి, మధురవాడ అని ఏరియాల వారీగా చిన్న గ్రూపులు పెట్టండి. అందరికీ చెప్పాల్సిన విషయం, సదరం క్యాంపు తేదీ లాంటిది, అనౌన్స్‌మెంట్ గ్రూప్‌లో వెళ్తుంది.

డబ్బు విషయం వచ్చేసరికి ఆగండి. హాలు అద్దెకి, టీలకి అయ్యే ఖర్చుని ఆ రోజే పంచుకుని అక్కడితో ముగించేయండి. ఎవరి సొంత యూపీఐకీ చందాలు రాకూడదు, ఎంత మంచివాళ్లయినా సరే. నిజంగా నిధి కావాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో సంఘం నమోదు చేసి, దాని పేరు మీద బ్యాంక్ ఖాతా తెరవాలి. దేశవ్యాప్తంగా ఇలాంటి తల్లిదండ్రుల సంఘాలన్నిటికీ కలిపి 'పరివార్' అనే సమాఖ్య ఉంది, నమోదయ్యాక దానితో కలవొచ్చు. అయితే సంఘం పెట్టడమే లక్ష్యం కాదు. పది కుటుంబాలు నెలకోసారి మాట్లాడుకుంటూ ఏళ్లపాటు రిజిస్ట్రేషన్ లేకుండానే ఉండిపోయినా ఏ నష్టమూ లేదు.

అడ్మిన్లని ఆరు నెలలకోసారి మార్చండి. అందరి బాధలూ వింటూ తమ పిల్లాడిని చూసుకోవడం ఎవరికైనా భారమే. దిగిపోయేవాళ్లు గూగుల్ డాక్, ఫామ్ హక్కులు కూడా కొత్తవాళ్లకి అప్పగించాలి. దీనికోసం మొదటి నుంచీ గ్రూప్‌కి విడిగా ఒక జీమెయిల్ ఖాతా ఉంటే పాస్‌వర్డ్ మార్చి ఇచ్చేయొచ్చు.

చివరగా ఒక పాతకాలపు పని. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాన్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఫోన్లు, కరెంటు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు చీకటి అంటే భయపడే పిల్లలకి, మూర్ఛ మందు ఒక్క పూట కూడా మానకూడని పిల్లలకి పక్క వీధిలోని సాటి కుటుంబమే దిక్కు. ఒప్పుకున్న సభ్యుల పేర్లు, ఇంటి అడ్రస్, నంబర్ ఏరియాల వారీగా కాగితం మీద రాసి, ఏ ఏరియా వాళ్లది ఆ ఏరియా వాళ్లకే ఒక్కో కాపీ ఇవ్వండి. సెప్టెంబర్ చివరికల్లా, తుఫాన్ల కాలం రాకముందే, ప్రతి ఏటా దాన్ని సరిచూసుకోండి.